గేరు పట్టడానికి ముందు ఆ కాస్త ఆలస్యం



పొద్దున్నే కారు స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి, లీవరును పార్కింగ్ నుంచి డి లోకి లాగారు. బ్రేకు వదిలారు. బండి కదల్లేదు. ఒక సెకను, రెండు, మూడు. అప్పుడు కింద ఎక్కడో టక్కుమని పట్టుకుని, ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. ఆటోమేటిక్ గేరున్న పాత కారు ఇంట్లో ఉన్నవాళ్ళకి ఈ అనుభవం కొత్త కాదు. కొందరు దీన్ని బండి వయసు కింద జమకట్టి ఊరుకుంటారు. కొందరు కంగారుపడి మర్నాడే షెడ్డుకు తీసుకెళ్ళి, "బాక్సు దింపాలండీ" అన్న మాట విని దిగాలుగా తిరిగొస్తారు. ఊరుకోవడమూ మంచిది కాదు, వెంటనే బాక్సు దింపించడమూ మంచిది కాదు. ఆ రెండు మూడు సెకన్లలో లోపల ఏం జరుగుతోందో కాస్త తెలిస్తే, స్పానరు ముట్టుకోకముందే జబ్బు ఎక్కడుందో చాలావరకు కనిపెట్టవచ్చు. ఆ పని కారు నడిపే మనిషే అందరికంటే బాగా చేయగలడు. ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది ఇదే.

మా కామవరపుకోట మెట్ట ప్రాంతం. కోకో, పామాయిల్, పొగాకు, మామిడి తోటల ఊళ్ళు. ఒకప్పుడు ఇటు చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు ఆటోమేటిక్ కారు కనిపించడమే అరుదు. ఇప్పుడలా కాదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఇక్కడ అమ్మానాన్నలకు మోకాళ్ళ నొప్పులు. క్లచ్ తొక్కలేరని ఓ ఆటోమేటిక్ కారు కొనిస్తారు, లేదా హైదరాబాదులో తాము వాడిన బండినే ఊరికి పంపిస్తారు. అలా వచ్చినవే పాత శాంట్రోలు, 4 గేర్ల ఐ10 ఆటోమేటిక్‌లు, హోండా సిటీలు, కరోలాలు, 2008లో వచ్చిన 6 గేర్ల ఆటోమేటిక్ స్కార్పియోలు. వీటిలో చాలా బండ్లకు రిజిస్ట్రేషన్ తాలూకు 15 ఏళ్ళు నిండాయి, లేదా నిండబోతున్నాయి. ఫిట్‌నెస్ చూపించి మరో 5 ఏళ్ళకు రెన్యువల్ చేయించుకుని నడుపుతున్నవాళ్ళు ఎందరో. ఇంజను బాగుంటుంది, బాడీ బాగుంటుంది. గేరు ఒక్కటే ఆలస్యంగా పడుతుంటుంది.

మామూలు గేరుబాక్సును దింపి క్లచ్ ప్లేటు మార్చడం మన ఊరి మెకానిక్‌కు పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయిపోయే పని. ఆటోమేటిక్ అలాంటిది కాదు. దాన్ని విప్పి మళ్ళీ సరిగ్గా కూర్చే చేతులు మన దగ్గర చాలా తక్కువ. విజయవాడ ఆటోనగర్‌కో హైదరాబాదుకో పంపాలి. పాత బాక్సును అవసరం లేకుండా విప్పితే, లోపల ఏళ్ళ తరబడి ఒక తీరుగా సర్దుకున్న సీళ్ళు, రింగులు మళ్ళీ అలాగే కూర్చుంటాయన్న భరోసా లేదు. కాబట్టి దింపడం అనేది ఆఖరి మాట కావాలి. మొదటి మాట ఎప్పుడూ కాకూడదు.

ముందుగా మీ బండి ఏ రకమో తెలుసుకోండి. 2014లో మారుతి సెలెరియోతో మొదలై చవక కార్లలోకి వచ్చిన ఏఎంటీ అసలు ఆటోమేటిక్ గేరుబాక్సు కాదు. అది మామూలు గేరుబాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని ఒక యంత్రం చేస్తుంది. దాని జబ్బులు వేరు. 2003 తర్వాతి హోండా సిటీల్లో కొన్నింటికి సీవీటీ ఉంది, లోపల గేర్లకు బదులు ఉక్కు బెల్టు తిరుగుతుంది. దాని ఆయిలూ వేరే. ఇప్పుడు నేను చెప్పబోయేది టార్క్ కన్వర్టరు ఉండి, 4, 5 లేదా 6 గేర్లున్న పాతకాలపు అసలు ఆటోమేటిక్ గురించి.

ఈ టార్క్ కన్వర్టరు ఆలోచన కార్ల కోసం పుట్టింది కాదు. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో ఓడల కోసం కనిపెట్టాడు. ఇంజను ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఆయిల్‌ను విసురుతుంది, ఎదురుగా ఉన్న మరో చక్రాన్ని ఆ ఆయిల్ తిప్పుతుంది. రెండిటికీ మధ్య ఇనుముకి ఇనుము తగలదు. కార్లలో జనం విస్తారంగా వాడిన మొదటి పూర్తి ఆటోమేటిక్, జనరల్ మోటార్స్ వాళ్ళ హైడ్రామాటిక్, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కారులో వచ్చింది. అప్పటి నుంచి ఎన్ని మార్పులొచ్చినా మూలసూత్రం ఒక్కటే. ఈ బాక్సులో పని చేసేది ఆయిలే. శక్తిని మోసేది ఆయిల్, క్లచ్చుల్ని నొక్కేది ఆయిల్, చల్లబరిచేది ఆయిల్.

ఇంజను తిరగగానే కన్వర్టరు వెనక ఉన్న పంపు తిరుగుతుంది. అది కింద చాంబరులోని ఆయిల్‌ను ఫిల్టరు గుండా పీల్చి ఒత్తిడితో పైకి పంపుతుంది. మీరు లీవరును ఎన్ (న్యూట్రల్) నుంచి డి లోకి లాగినప్పుడు, ఆయిల్ దారులను తెరిచి మూసే వాల్వు బాడీలో ఒక వాల్వు జరుగుతుంది. దారి తెరుచుకుని ఆయిల్ ముందుకు నడిపే క్లచ్చు డ్రమ్ములోకి వెళ్ళి, ఒక పిస్టన్ వెనక నిండి, దాన్ని నెట్టి, క్లచ్ ప్లేట్లను ఒకదానికొకటి అదుముతుంది. అప్పుడు బండికి ఊపు వస్తుంది. అంటే ఆలస్యం అన్నది ఆ పిస్టన్ వెనక ఆయిల్ నిండి, చాలినంత ఒత్తిడి రావడానికి పట్టే సమయం. ఆ సమయం పెరిగిందంటే ఆయిల్ తక్కువైనా ఉండాలి, పంపు సరిగా పంపకనైనా ఉండాలి, దారిలో ఎక్కడైనా కారిపోతూనైనా ఉండాలి, లేదా ప్లేట్లు అరిగి పిస్టన్ చాలా దూరం జరగాల్సి రావాలి. ఎంత పెద్ద మెకానిక్ అయినా బాక్సు లోపల వెతకాల్సింది ఈ నాలుగింట్లోనే.

ముందు ఆ ఆలస్యం ఎంతో కొలవండి. "చాలాసేపు పడుతోందండీ" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. సెల్‌ఫోనులో స్టాప్‌వాచ్ ఉంది. బండి ఓ పది, పదిహేను కిలోమీటర్లు తిరిగి ఆయిల్ వేడెక్కాక, చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టండి. ఏసీ ఆపేయండి. ఇంజను ఐడిలింగ్‌లోనే ఉండాలి, యాక్సిలరేటరు ముట్టుకోకూడదు. ఎన్ నుంచి డి లోకి లాగిన క్షణాన వాచీ నొక్కండి. బండి కొద్దిగా ముందుకు వంగినట్టు ఓ చిన్న అదురు తగులుతుంది, అప్పుడు ఆపండి. మళ్ళీ ఎన్ లో పెట్టి ఒక నిమిషం ఆగి ఇంకోసారి. అలా 3 సార్లు చూసి సరాసరి తీయండి. తర్వాత రివర్సుకు కూడా అదే పద్ధతి. టయోటా వాళ్ళ సర్వీసు పుస్తకాల్లో ఈ పరీక్షకు రాసిన లెక్క ఇది: డి పట్టడానికి 1.2 సెకన్లు, రివర్సు పట్టడానికి 1.5 సెకన్లు దాటకూడదు. మిగతా కంపెనీల లెక్క కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు గానీ, 2 సెకన్లు దాటిన బండికి మాత్రం ఏదో ఉన్నట్టే.

రివర్సు కాస్త ఎక్కువసేపు తీసుకోవడం సహజం. దాన్ని చూసి భయపడకండి. భయపడాల్సింది ఒకటి బాగుండి ఇంకొకటి బాగులేనప్పుడు. డి వెంటనే పట్టి రివర్సు మాత్రం మూడు నాలుగు సెకన్లు తీసుకుంటే, పంపు బాగుంది, ఆయిల్ ఉంది, ఫిల్టరు బాగుంది. లేకపోతే డి కూడా ఆగేది. జబ్బు రివర్సుకు పనిచేసే క్లచ్చులోనో, దాని పిస్టన్ సీళ్ళలోనో ఉంది. అలాగే రివర్సు బాగుండి డి ఆలస్యమైతే ముందుకు నడిపే క్లచ్చును అనుమానించాలి. రెండూ ఒకేలా ఆలస్యమైతే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటు చూడాలి: ఆయిల్ మట్టం, ఫిల్టరు, పంపు, ఒత్తిడిని అదుపు చేసే వాల్వు. ఒక్క పైసా ఖర్చు లేకుండా సగం బాక్సును అనుమానం నుంచి తప్పించే పరీక్ష ఇది. ఇంత తేలికైన పనిని ఎవరూ చేయకపోవడం నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు ఆయిల్ సంగతి. దీని మీద కాస్త నిదానంగా మాట్లాడతాను, ఎందుకంటే ఎక్కువ బండ్ల జబ్బు ఇక్కడే తేలిపోతుంది.

ఇంజను ఆయిల్ చూసే పద్ధతిలో దీన్ని చూడకూడదు. చాలా బండ్లలో ఆయిల్ వేడిగా ఉండగా, ఇంజను నడుస్తుండగా, లీవరును అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి వచ్చాక చూడాలి. టయోటా లాంటి వాటిలో లీవరు పార్కింగ్‌లో ఉండాలి. పాత హ్యుందాయ్‌లలో న్యూట్రల్‌లో ఉండాలి. హోండాలో మాత్రం వేడెక్కిన తర్వాత ఇంజను ఆపి, ఒకటి ఒకటిన్నర నిమిషంలోపు చూడాలి. ఈ తేడా తెలియక ఆయిల్ తక్కువుందనుకుని పోసేవాళ్ళున్నారు. ఎక్కువైనా ప్రమాదమే. తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, నురగలో గాలి ఉంటుంది, గాలి నలుగుతుంది, ఒత్తిడి రాదు. తక్కువైతే ఏ ఆలస్యం వస్తుందో ఎక్కువైనా ఆ ఆలస్యమే వస్తుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో మీ మోడల్ పద్ధతి రాసి ఉంటుంది. డిప్‌స్టిక్ అసలు లేని బండ్లూ ఉన్నాయి. వాటికి ర్యాంపు ఎక్కించి కింద ప్లగ్గు దగ్గర చూడాలి, అది షెడ్డులోనే చేయించాలి.

డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డ మీద గానీ కాగితం మీద గానీ ఒక చుక్క వేసి చూడండి. ఎర్రగా, తేటగా ఉంటే మంచిది. గోధుమరంగుకు తిరిగితే పాతబడింది. నల్లగా మారి మాడిన వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలాయి. తెల్లగా పాలిపోయిన గులాబి రంగులో, చిక్కగా ఉంటే నీళ్ళు కలిశాయి. ఆ బండిని ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపవద్దు.

నీళ్ళు ఎలా కలుస్తాయంటే, చాలా కార్లలో గేరు ఆయిల్‌ను చల్లబరిచే గొట్టాలు రేడియేటరు తొట్టి లోపలే ఉంటాయి. ఏళ్ళు గడిచి ఆ గొట్టం తుప్పుపట్టి చిల్లు పడితే రేడియేటరు నీళ్ళు గేరుబాక్సులోకి వెళ్ళిపోతాయి. మన వైపు రేడియేటరులో కూలెంటుకు బదులు బోరు నీళ్ళు పోసే అలవాటు ఉంది. మెట్ట నేలల బోరు నీళ్ళలో ఉప్పు సంగతి మీకు తెలిసిందే. ఆ నీళ్ళు ఇంజనును పాడుచేస్తాయని మాత్రమే అనుకుంటాం, గేరుబాక్సు దాకా చేరతాయని అనుకోం. క్లచ్ ప్లేట్ల మీద అంటించి ఉండేది కాగితం జాతి పదార్థం. నీళ్ళు తగిలితే అది ఉబ్బి పొరలుగా ఊడిపోతుంది.

ఇక వరదలు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలన్నీ మునిగిపోయాయి. రోజుల తరబడి నీళ్ళలో నిలిచిపోయిన కార్లను మనం టీవీల్లో చూశాం. ఆ బుడమేరు నీళ్ళు చివరికి మన కొల్లేటిలోకే వచ్చేది. నీళ్ళు తీశాక వాటిలో కొన్ని బండ్లు శుభ్రంగా కడిగి, పాలిష్ పట్టి అమ్మకానికి వస్తాయన్నది కొనేవాళ్ళు మరిచిపోకూడదు. గేరుబాక్సుకు పైన గాలి పోవడానికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. నీళ్ళు అంత ఎత్తుకు వస్తే దాని గుండా లోపలికి దిగుతాయి. అందుకని సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కొనేటప్పుడు, తాడేపల్లిగూడెంలో చూసినా విజయవాడలో చూసినా, గేరు ఆయిల్ రంగు చూడకుండా బయానా ఇవ్వకండి. సీటు కింద బోల్టులు తుప్పు పట్టాయేమో, కార్పెట్ ఎత్తి కింద ఒండ్రు వాసన ఉందేమో కూడా చూడండి.

ఆయిల్ తక్కువగా ఉందంటే అది ఎక్కడికో పోయి ఉండాలి. ఇంజను ఆయిల్‌లా ఇది కాలి తగ్గిపోయేది కాదు. రాత్రి బండి కింద అట్టముక్క పరవండి. పొద్దున్నే ఎర్ర మరక ఎక్కడ పడిందో చూస్తే చాంబరు ప్యాకింగ్ నుంచా, యాక్సిల్ సీలు నుంచా, కూలరు పైపు జాయింటు నుంచా అన్నది తేలుతుంది. కారే చోటు బాగుచేయకుండా లీటర్లకు లీటర్లు పోసుకుంటూ తిరగడం ఆ బాక్సుకు చేసే ద్రోహం.

ఏ ఆయిల్ పోస్తున్నారన్నది కూడా చాలా ముఖ్యం. పాత ఐ10, శాంట్రోలకు ఎస్‌పీ-3. 2000ల నాటి కరోలాకు టైప్ టీ-4. హోండా ఆటోమేటిక్‌లకు మొదట్లో జెడ్-1 ఉండేది, తర్వాత దాని బదులు డీడబ్ల్యూ-1 వచ్చింది. "ఏదైనా గేరాయిలే కదా" అనే మాట ఇక్కడ చెల్లదు. ఈ ఆయిల్ జారనివ్వాలి, అదే సమయంలో ప్లేట్లను పట్టుకోనివ్వాలి. ఆ రెండింటి మధ్య తూకం కుదరడానికి 1970ల మొదటి దాకా అమెరికాలో ఈ ఆయిల్‌లో తిమింగలాల నూనె కలిపేవారంటే మీరు ఆశ్చర్యపోతారు. తిమింగలాల వేట మీద నిషేధం వచ్చాక కంపెనీలు కొత్త పదార్థాలు వెతుక్కోవలసి వచ్చింది. పట్టీ పట్టనట్టు పట్టాల్సిన ఆ గుణం కోసం సముద్రం దాకా వెళ్ళారు. మనం షాపులో చేతికి దొరికిన డబ్బా పోసేస్తున్నాం.

ఆయిల్, మట్టం రెండూ బాగున్నాయి. అయినా ఆలస్యం ఉంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న: ఎప్పుడు?

పొద్దున్నే మొదటిసారి మాత్రమే ఆలస్యమై, ఆ తర్వాత రోజంతా బాగుంటే ఒక సంగతి గుర్తుచేసుకోండి. చేపల చెరువుల గట్ల మీద నీళ్ళు తోడే ఇంజన్లను కైకలూరు, ఆకివీడు వైపు వాళ్ళు రోజూ చూస్తారు. ఫుట్‌వాల్వు కారుతుంటే రాత్రి గొట్టంలోని నీరంతా కిందికి జారిపోతుంది, పొద్దున నీళ్ళు పోసి నింపితే గానీ ఎత్తదు. మీ కారులో జరిగేది కూడా అదే. టార్క్ కన్వర్టరులో ఉండాల్సిన ఆయిల్ రాత్రికి రాత్రి చాంబరులోకి దిగిపోతోంది. పొద్దున పంపు ముందు కన్వర్టరును నింపుకుని, ఆ తర్వాతే క్లచ్చుకు పంపగలుగుతుంది. దీన్ని తేల్చుకోవడానికి చక్కటి ఉపాయం ఉంది. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ తీసి ఎక్కడ దాకా తడిసిందో గుర్తుపెట్టుకోండి. ఇంకో రోజు, తిరిగి వచ్చి ఆపిన అరగంటకు అలాగే చూడండి. పొద్దుటి మట్టం బాగా పైకి ఉంటే, పైనున్న ఆయిల్ కిందికి దిగిందన్నమాట. ఆ తర్వాత స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి, న్యూట్రల్‌లో ఒక నిమిషం ఉంచి అప్పుడు డి వేయండి. వెంటనే పట్టిందా, జబ్బు ఇదే. అమెరికాలో పాత డాడ్జ్ ట్రక్కులు నడిపే మనవాళ్ళకి ఇది బాగా ఎరుకైన బాధ. ఇది బాక్సును వెంటనే చంపేది కాదు. న్యూట్రల్‌లో ఆ నిమిషం ఆగే ఓపిక ఉంటే చాలాకాలం అలాగే నడపవచ్చు.

నిమిషం ఆగినా ఆలస్యం తగ్గకపోతే, ధనుర్మాసం చలిలో ఎక్కువగానూ బండి వేడెక్కాక తక్కువగానూ ఉంటే, అది సీళ్ళ పని. పిస్టన్ల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ళు ఏళ్ళ వేడికి గట్టిపడిపోతాయి. చల్లగా ఉన్నప్పుడు డ్రమ్ము గోడకు అతుక్కోలేక ఆయిల్‌ను వదిలేస్తాయి. వేడెక్కి కాస్త మెత్తబడ్డాక పట్టుకుంటాయి. సీళ్ళను మెత్తబరిచే డబ్బా మందులు బజారులో దొరుకుతాయి. కొన్నాళ్ళు పనిచేయవచ్చు గానీ, దాన్ని వైద్యం అనుకోకండి. ఆ కొన్నాళ్ళలో డబ్బు సమకూర్చుకుని మంచి షెడ్డు వెతుక్కోండి.

దీనికి పూర్తిగా తిరగబడితే, అంటే పొద్దున బాగుండి, మే నెల ఎండలో ఏలూరు వెళ్ళి వచ్చేసరికి ఆలస్యం మొదలైతే, అది ఇంకా గట్టి జబ్బు. వేడికి ఆయిల్ పలచబడి, అరిగిన పంపులోంచి, వాల్వు బాడీలో అరిగిన రంధ్రాల్లోంచి జారిపోతోంది. ఇక కొంత దూరం వెళ్ళాక గేరు జారి, బండి పక్కన ఆపి అరగంట ఉంచితే మళ్ళీ మామూలుగా నడిస్తే ఫిల్టరును చూడాలి. నడిచేటప్పుడు మడ్డి అంతా ఫిల్టరుకు అంటుకుంటుంది, ఆపాక కిందికి రాలుతుంది. చాంబరు విప్పినప్పుడు లోపలి అయస్కాంతాన్ని మీ కళ్ళతో చూడండి. దాని మీద సన్నటి బూడిదరంగు ముద్ద ఉండడం మామూలే. చేతికి గుచ్చుకునే ఇనుప రజను, మెరిసే ఇత్తడి పొరలు, నల్లటి పీచు కనిపిస్తే మాత్రం లోపల ఏదో తినేస్తోంది.

బాక్సు బయట కూడా చూడాల్సినవి ఉన్నాయి. ఐడిలింగ్ మరీ తక్కువైతే పంపు నెమ్మదిగా తిరిగి ఒత్తిడి రాదు. లీవరు కేబులు బుష్ అరిగితే పైన డి చూపించినా లోపల వాల్వు సగమే తెరుచుకుంటుంది. లీవరును డి నుంచి ఇంకాస్త కిందికి నెట్టి చూస్తే గేరు వెంటనే పడుతుందేమో గమనించండి. అలా పడితే పెద్ద ఖర్చు తప్పినట్టే. ఇంజను మౌంటింగ్ విరిగినా టక్కుమని కుదుపు వస్తుంది, ఆలస్యం మాత్రం ఉండదు. స్కానరు పెట్టి "ఏ కోడూ లేదండీ, బాక్సు బాగానే ఉంది" అంటే నమ్మేయకండి. ఆయిల్ వాల్వులను కరెంటుతో నడిపే సోలెనాయిడు తీగ తెగితే కంప్యూటరుకు తెలుస్తుంది. రబ్బరు సీలు పక్కనుంచి ఆయిల్ జారితే తెలియకపోవచ్చు.

పాత ఆయిల్ మార్చాక బండి మూలపడిందని చెప్పేవాళ్ళు మీకు ఎదురవుతారు. నా నమ్మకం ఏమిటంటే, ఆ బాక్సు అప్పటికే చివరి దశలో ఉంది, ఆయిల్ మార్చింది ఆలస్యంగా. అయినా ఒక జాగ్రత్త అవసరం. ఎప్పుడూ మార్చని నల్లటి ఆయిల్ ఉన్న బాక్సును మిషన్‌తో ఒత్తిడి పెట్టి కడిగించవద్దు. చాంబరు దింపి, ఉన్న ఆయిల్ తీసి, ఫిల్టరు మార్చి, అంతే కొలతగా కొత్తది పోయించండి. అలా తీస్తే మొత్తంలో మూడో వంతు నుంచి సగం దాకానే వస్తుంది, మిగతాది కన్వర్టరులో ఉండిపోతుంది. కొన్నాళ్ళు నడిపి ఇంకోసారి అలాగే చేయించండి.

ఆలస్యం ఉన్న బండిని నడిపే పద్ధతి గురించి ఒక మాట. ఇది యంత్రం కంటే మనుషుల క్షేమానికి సంబంధించింది. కొల్లేటి లంకల్లో, చెరువు గట్ల మీద బండి తిప్పుకునే చోటు ఎంతుంటుందో మీకు తెలుసు. రివర్సు వేశారు, బండి కదల్లేదు, కాలు యాక్సిలరేటరు మీదికి వెళ్ళింది. అప్పుడు గేరు పట్టింది. రేస్ అవుతున్న ఇంజనుతో బండి వెనక్కి దూకితే వెనకున్నది చెరువు. అలాగే చిన్న తిరుపతి కొండ ఎక్కేటప్పుడో, గుంటుపల్లి గుహల వైపు ఎత్తు మీదో ఆగి మళ్ళీ డి వేస్తే, గేరు పట్టేలోపు బండి వెనక్కి జారుతుంది. గేరు పట్టిన అదురు తగిలే దాకా కాలు బ్రేకు మీదే ఉండాలి. రేస్ చేసి గేరు పట్టించడం వల్ల ప్లేట్లు మాడిపోతాయన్నది రెండో సంగతి. మొదటిది మీ ప్రాణం, వెనక ఆడుకునే పిల్లల ప్రాణం.

బండి పూర్తిగా ఆగిపోతే తోసి స్టార్ట్ చేయాలని చూడకండి, అవ్వదు. ఇంజను తిరిగితేనే పంపు తిరుగుతుంది. ట్రాక్టరుకు తాడు కట్టి లాగించుకుని కూడా రావద్దు. చక్రాలు తిరుగుతాయి గానీ పంపు తిరగదు, లోపల ఆయిల్ అందక గేర్లు కాలిపోతాయి. నడిపించే చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి గానీ, మొత్తం బండిని లారీ మీద గానీ తీసుకెళ్ళాలి.

ఇవన్నీ చూశాక కూడా షెడ్డుకు వెళ్ళక తప్పకపోతే ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. డి కి ఎన్ని సెకన్లు, రివర్సుకు ఎన్ని సెకన్లు, చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా, ఆయిల్ రంగు, చివరిసారి ఎప్పుడు ఏ ఆయిల్ పోశారు. ఆ కాగితం ఇచ్చి, బాక్సు దింపేముందు ప్రెషరు గేజ్ పెట్టి చూడమని అడగండి. బాక్సు పక్కన దాని కోసమే ఒక ప్లగ్గు ఉంటుంది, అది విప్పి గేజ్ బిగిస్తే చాలు. పాత టయోటా బాక్సుల్లో డి లో, ఐడిలింగ్‌లో, సుమారు 4 కేజీలు చూపిస్తుంది, రివర్సులో అంతకంటే ఎక్కువ. ఒత్తిడి సరిపడా ఉండి కూడా గేరు ఆలస్యమైతే క్లచ్చులు విప్పాల్సిందే. ఒత్తిడే లేకపోతే ముందు ఫిల్టరు, వాల్వు బాడీ చూడాలి. వాల్వు బాడీని చాలా బండ్లలో బాక్సు దింపకుండానే తీయవచ్చు. బ్రేకు తొక్కి పట్టి ఫుల్ రేస్ చేసే స్టాల్ టెస్ట్ మాత్రం ఇంటి దగ్గర చేయకండి. షెడ్డులో చేసినా 5 సెకన్లు దాటనివ్వకండి, పాత ప్లేట్లు ఆ ఒక్క పరీక్షకే మాడిపోగలవు. గేజ్ ఉందా అని అడిగినప్పుడు లేదన్న షెడ్డులో మీ బండి తాళాలు ఇవ్వకండి. ఇంకో షెడ్డు చూసుకోండి.